మత్తు డాక్టరమ్మ నిద్ర

డాక్టర్లకు లైసెన్సులిచ్చే కౌన్సిలు నెలకోసారి వాళ్ళ ఫోన్లకు వార్తలూ సూచనలూ పంపుతుంది. వాటిని పూర్తిగా చదివే డాక్టరు కావాలంటే పట్టపగలు దీపం పెట్టి వెతకాలి. రెన్యువల్ గడువెప్పుడో చూస్తారు, ఈసారి ఎవరి లైసెన్సు ఊడిందో చూస్తారు, ఊడింది తమది కాదని తేలాక మూసేస్తారు. మన మత్తు డాక్టరమ్మ మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదువుతుంది. అదేదో భక్తి అనుకునేరు. నిద్ర పట్టనివాళ్ళు ఏదైనా చదువుతారు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట. ఈవిడ సంగతీ అంతే. ఎంతటి పిరికివాణ్ణయినా ఆపరేషన్ బల్ల మీద క్షణాల్లో నిద్రపుచ్చే మనిషికి సొంత మంచం మీద కన్ను మూతపడదు. ఆపరేషన్ థియేటర్ సిస్టర్లు ఆవిడకు ‘జోలపాట’ అని పేరు పెట్టుకున్నారు. మత్తు ఎక్కించే ముందు రోగి చెవి దగ్గరికి వంగి ఆవిడ ఎప్పుడూ ఒకటే మాట చెబుతుంది: “మీరు హాయిగా పడుకోండి. లేచేదాకా నేనిక్కడే ఉంటాను.” ఉంటుంది కూడా. కళ్ళు తెరవగానే “లేచారా?” అని పలకరించేదీ ఆవిడే. కానీ మత్తులో విన్న గొంతు ఎవరికి గుర్తుంటుంది? నెల తిరక్కముందే ఆ రోగి బజారులో ఎదురై సర్జనుగారి చేతులు పట్టుకుని, “అంతా మీ చేతి చలవ సార్” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. పక్కనున్న ఈవిణ్ణి కాస్త జరగమంటాడు. ఆవిడ జరుగుతుంది.

పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయాక అక్క ఈవిడ దగ్గరకొచ్చి ఉండిపోయింది. అక్క మనసు వెన్న, గురక మాత్రం పిడుగు. “నీ పక్కగదిలో పడుకోవడం కన్నా రైలు పట్టాల పక్కన పడుకోవడం నయమే అక్కా” అని ఈవిడ రోజూ పొద్దున్నే దెబ్బలాటకు దిగేది. “నిద్రపోయినదానివి, నీకెలా వినపడిందే?” అనేది అక్క. పోయినేడు అక్క పోయింది. ఇల్లు ఒక్కసారిగా మూగదైపోయింది. నిద్ర కూడా ఆ గురకతోపాటే గడప దాటింది.

చేతిలో కలముంది, దిగువన సంతకముంది. తన చీటీ తనే రాసుకుని నిద్రమాత్రలు తెచ్చుకుంది. మొదట్లో పనిచేశాయి, తర్వాత మొరాయించాయి. మోతాదు పెంచింది. ఇదే పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళకు గడ్డి పెట్టేది.

ఈ నెల కౌన్సిలు సూచన సరిగ్గా దాని మీదే వచ్చింది. డాక్టర్లు తమకూ తమ ఇంట్లోవాళ్ళకూ నిద్రమాత్రల్లాంటివి రాసుకోకూడదు. ప్రతి డాక్టరూ తన చుట్టం కాని వేరే డాక్టరు దగ్గర చూపించుకోవాలి. అంతవరకూ చదివి, “మాకు తెలీదా, చెప్పొచ్చారు” అని గొణుక్కుంది. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయింది. తన ఆరోగ్యం వల్ల రోగులకు ముప్పు రావచ్చని తోస్తే డాక్టరు పని ఆపి ఆ మాట బయటికి చెప్పాలి. ఫోనును బోర్లా పెట్టేసింది.

ఎందుకంటే ముందు వారం థియేటర్లో ఆవిడ కునుకు తీసింది. కళ్ళు మూసి తెరిచినంతసేపే. రోగి ఊపిరి లయగా వినిపిస్తోంది, ఒళ్ళు తేలిపోయింది, తల వాలింది. ఉలిక్కిపడి చూసేసరికి మానిటర్ మీద అంకెలన్నీ బాగానే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. ఈసారి బాగానే ఉన్నాయి, మరోసారి? చెబితే థియేటర్ తలుపు మూసుకుపోతుంది. ఆ తలుపు తప్ప ఆవిడ కోసం తెరుచుకునేది ఇంకేదీ లేదు.

మర్నాడు మందుల షాపాయన చీటీ చూసి నసిగాడు. “ఏమనుకోకండి మేడం. రాసిందీ మీరే, వాడేదీ మీరేనాయె. ఇకనుంచి ఇలా కుదరదట.”

అక్కణ్ణించి ఆసుపత్రికి వెళ్తే వరండాలో సర్జనుగారు దొరికాడు. ఆయన్ని అందరూ కత్తిగారంటారు, మాటకీ పనికీ కూడా. సంగతి విని నవ్వేశాడు. “ఇంత చిన్నదానికి ఎందుకంత ఇదవుతారు? నేను రాసి పడేస్తాను. మందు పేరు చెప్పండి.”

పాపం, సాయం చేద్దామనే అన్నాడు. కానీ నిద్ర ఎందుకు పట్టడం లేదని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఇంతకాలం కాచుకుని ఉన్నానని ఆవిడకు అప్పుడే తెలిసొచ్చింది. “వద్దులెండి” అని వచ్చేసింది.

సాయంత్రం వెనక వీధిలోని చిన్న క్లినిక్కుకు వెళ్ళింది. అక్కడి డాక్టరు వయసులో బాగా చిన్నది. ఈవిడ కుర్చీలో కూర్చుంటూనే జబ్బు పేరు, మందు పేరు, మోతాదు గడగడా అప్పజెప్పింది.

“అన్నీ మీరే చెప్పేస్తే ఇక నేను చేసేదేముందండీ, సంతకమా?” అని నవ్వింది చిన్న డాక్టరు. “ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి.”

నాడి చూడటానికి మణికట్టు పట్టుకుంది. రోజూ ఎంతోమంది నాడి చూసే మత్తు డాక్టరమ్మకు ఒళ్ళు ఝల్లుమంది. అక్క పోయాక తన చెయ్యి ఇంకో మనిషి పట్టుకోవడం ఇదే మొదటిసారి.

“ఎప్పట్నుంచి పట్టడం లేదు?”

“మా అక్క పోయినప్పట్నుంచి.”

“అక్కయ్యగారుంటే బాగా పట్టేదా?”

“గురక పెట్టేదండీ” అంటూ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. “వయసంతా ఒకరి ఊపిరి వింటూ కూర్చోవడంతోనే గడిచిందమ్మా నాకు. ఊపిరి వినపడితే అంతా బాగున్నట్టు. ఇప్పుడా ఇంట్లో ఏ ఊపిరీ లేదు. నాది నాకు వినపడదు కదా.”

చిన్న డాక్టరు మణికట్టు వదలకుండానే అడిగింది. “పనిలో ఏమైనా ఇబ్బందవుతోందా?”

“అబ్బే, ఏం లేదు” అంది ఈవిడ, చాలా తొందరగా.

“సరే, బయట కూర్చోండి. మిగతావాళ్ళని చూసి మళ్ళీ పిలుస్తాను.”

బయట బెంచీ మీద ఒక పక్క ఆయాసంతో ఈల వేసినట్టు ఊపిరి తీసే పెద్దాయన, ఇంకో పక్క ముక్కు దిబ్బడేసిన పిల్లను ఒళ్ళో వేసుకున్న తల్లి. మధ్యలో మన డాక్టరమ్మ. పెద్దాయన ఊపిరి ఎక్కడ పట్టేస్తోందో ఆవిడ చెవి దానంతటదే లెక్క కట్టింది. పిల్ల గుర్రు గుర్రుమంటోంది. ఎవరో దగ్గారు. అందరూ ఊపిరి తీస్తున్నారు, అంతా బాగానే ఉంది. ఆవిడ తల గోడకు ఆనింది.

కళ్ళు తెరిచేసరికి బెంచీలు ఖాళీ. వీధి తలుపు ఓరగా వేసి ఉంది. ఎదురుగా కుర్చీలో చిన్న డాక్టరు, చేతిలో ఖాళీ టీ కప్పు.

“లేచారా?” అంది.

ఆ ప్రశ్న మత్తు డాక్టరమ్మ జీవితమంతా ఎందరినో అడిగింది. ఎవరైనా తనను అడగడం ఎలా ఉంటుందో ఎన్నడూ ఊహించలేదు. అబద్ధం ఇక గొంతులో నిలవలేదు.

“థియేటర్లో కునుకు తీశానమ్మా” అంది. “బల్ల మీద మనిషి ఉండగానే.”

“ఊఁ” అంది చిన్న డాక్టరు. ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. “నిద్రకి మార్గముంది, ఇద్దరం కలిసి చూద్దాం. కానీ అది కుదిరేదాకా మీరు థియేటర్లోకి వెళ్ళకూడదు.”

“అది కూడా లేకపోతే నాకు ఇంకెవరూ లేరమ్మా.”

“తెలుస్తూనే ఉందండీ. అయినా వెళ్ళకూడదు. ఫోన్ నన్ను చెయ్యమంటారా, మీరు చేస్తారా?”

ఆవిడే చేసింది. ముందు కత్తిగారికి. “రేపటి కేసులకి వేరే మత్తు డాక్టర్ని చూసుకోండి.”

“అదేంటి? ఎవరికి బాగాలేదు?” అన్నాడాయన. ఆవిడ ఫోన్ చేసిందంటే ఎవరో ఒక రోగికి బాగాలేదనే లెక్క.

“నాకు.”

అవతల కత్తిగారు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఆవిడ దాన్ని వింటూ అలాగే కూర్చుంది.