తోడుకొచ్చినామె

"ఫోను ఎత్తుకోమ్మే, ఊరికే ఉండావు కదా!"

వరండాలోంచి విష్ణువర్ధన్ ఆ కేక వేసేటప్పటికి అతని భార్య హేమ వంటింట్లో గిన్నెను రెండు పాదాల మధ్య అదిమిపట్టి సంగటి కెలుకుతోంది. తెడ్డు ఒక్క నిమిషం ఆపితే ఉండలు కడుతుంది. ఉండ నోటికి తగిలిందంటే అత్త లక్ష్మీనరసమ్మ పళ్లెం పక్కకి జరిపి, తన కాలంలో సంగటి ఎట్లా ఉండేదో ఊరంతా వినేట్టు చెబుతుంది. మోగుతున్న ఫోనేమో ఆయనగారి కుర్చీకి జానెడు దూరంలో ఉంది. చెయ్యి చాపితే చాలు. చాపడు.

హేమ చేతులు కొంగుకి తుడుచుకుంటూ పోయి ఎత్తింది. మందుల అంగడి నారాయణప్ప.

"ఏమ్మా, పొద్దన్నుంచి నెట్టు పోయుండాది. బిల్లులు కొట్టేకి కాలేదు. ఆయన్ను పిలువు."

"నెట్టు పెట్టెలో ఎర్ర లైటు వెలుగుతాందా అన్నా?"

"వెలుగుతాంది."

"అయితే యాడో తీగ తెగిందన్నా. మనిషిని పంపిస్తా."

"నీకేం తెలుస్తాదిలేమ్మా, ఆయనకియ్యి ఫోను."

హేమ ఫోను మీద అరచెయ్యి పెట్టి ఐదు దాకా లెక్కపెట్టింది. తర్వాత, "ఆయన చెప్తాండాడు అన్నా, తీగ తెగిందంట, మనిషిని పంపుతాడంట" అంది.

"అట్ల చెప్పు మరి!" అని నారాయణప్ప తృప్తిగా పెట్టేశాడు.

ఈ ఉపాయం కనిపెట్టి ఏళ్లవుతోంది. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఐదు దాకా లెక్కపెట్టడం కూడా ఒక పనే అనిపిస్తోంది. ముదిగుబ్బ మండలానికి టెలిఫోన్ కంపెనీ ఏజెన్సీ విష్ణువర్ధన్ పేరు మీద వచ్చి పన్నెండేళ్లు. బోర్డు మీద పేరు ఆయనది, కింద నంబరు ఆమెది. "నా ఫోనుకొస్తే మీటింగుల్లో ఇబ్బంది" అన్నాడు. మీటింగులంటే పార్టీ మీటింగులు, పెళ్లిళ్లు, పంచాయితీలు. ఇంటికొచ్చే కాగితాల మీద సంతకాలు మాత్రం ఆయనవే. ఎక్కడ చూపిస్తే అక్కడ, చదవకుండానే బరబరా గీసేస్తాడు.

ఇప్పుడు కంపెనీ పాత ఎక్స్‌చేంజిని మూసేస్తోంది. రాగి తీగలు పీకేసి వెంట్రుకంత సన్నని గాజు తీగలు వేస్తున్నారు. ఇకమీదట మామూలు ఫోనులో మాట కూడా ఇంటర్నెట్టు మీదే నడుస్తుంది. ఇంటింటికీ కొత్త పెట్టె, పాత నంబరు. స్తంభాలెక్కి తీగ లాగేది ఏజెన్సీలో పనిచేసే జయరాజు. తెగినచోట పోగుకి పోగు అతికేది హేమ. ఇంటింటికీ పోయి ఈ మార్పు గురించి చెప్పేది కూడా ఆమే. బళ్లో టీచరుగా చేసి రిటైరైన తిమ్మమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి, "పాత ఫోను కరెంటు ల్యాకున్నా మోగుతాండె. ఇది మోగుతాదా?" అని అడిగింది. మోగదు. బ్యాటరీ పెట్టుకోవాలి. హేమ ఉన్నమాట చెప్పేసింది. ఆ సాయంత్రం విష్ణువర్ధన్ విరుచుకుపడ్డాడు: "నిన్ను ఎవురు చెప్పమన్నారు? పెద్దోళ్లతో ఎట్ల మాట్లాడల్లో తెలీదు." తర్వాతి వారం ఎక్స్‌చేంజి దగ్గర పెట్టిన సభలో మైకు పట్టుకుని ఆయనే, "కాలం మారింది, మనమూ మారల్లప్పా!" అన్నాడు. వచ్చినవాళ్లందరికీ మజ్జిగ కలిపి పంపింది హేమే. తీగలు మారాయి, పెట్టెలు మారాయి. ఆమె లేచే వేళ మాత్రం నాలుగున్నరే.

అతికే మిషను ఉండేది వంటింట్లోనే, గట్టు చివర. ప్లగ్గు అక్కడే ఉంది మరి. తీగ పైపొర ఒలవాలి, స్పిరిట్ దూదితో తుడవాలి, సమంగా కొయ్యాలి, రెండు కొసలూ మిషనులో ఎదురెదురుగా పెట్టాలి. చిటుక్కున నిప్పు మెరిసి రెండూ ఒకటైపోతాయి. ఆ క్షణం హేమకి ఇష్టం. ఎవరికీ చెప్పలేదు గానీ చాలా ఇష్టం. రాలిన గాజు ముక్కలు కంటికి కనపడవు, వేలిలో దిగితే రెండ్రోజులు సలుపుతాయి. నల్ల కాగితం పరిచి ఏరి, డబ్బాలో వేసి మూతపెట్టి, చేతులు మూడుసార్లు కడుక్కున్నాకే పొయ్యి ముట్టిస్తుంది. అయినా అత్త అంటూనే ఉంటుంది: "అన్నంలో గాజు పడితే నా కొడుకు గతేం?" గాజు గుచ్చుకున్న వేళ్ల సంగతి ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. జయరాజు మాత్రం ఒకసారి, "అక్కా, నువ్వు అతికినేది ఒక్కటీ మళ్లీ ఊడింది ల్యా" అన్నాడు. ఆ మాటని ఆమె ఎన్నాళ్లు దాచుకుని తలుచుకుందో చెబితే నవ్వుతారు.

అప్పుడే కంపెనీ నుంచి కబురొచ్చింది. కొత్త నెట్‌వర్కులో లైను తెరవాలంటే పరీక్ష పాసైన మనిషి ఐడీ కావాలి. మండలానికి ఒక్క ఐడీ. పరీక్ష పుట్టపర్తిలో. పన్నెండు పోగులు అతికి చూపించాలి. ఆ ఐడీ ఎవరిదైతే వాళ్లకి జిల్లాలో ఎక్కడైనా పని దొరుకుతుంది. హేమ రెండ్రోజులు మాటలు కూడగట్టుకుని, భోజనం వడ్డిస్తూ అడిగింది: "ఈసారి నా పేరు రాయిద్దామా?"

విష్ణువర్ధన్ నవ్వాడు. "నీ పేరెందుకే? నువ్వూ నేనూ వేరేనా?"

పెళ్లైన కొత్తలో ఈ మాటకే ఆమె మురిసిపోయింది. ఇప్పుడు మజ్జిగ పోసి వంటింట్లోకి పోయింది.

పరీక్ష రోజు, "ఊరికే తోడుకి రా" అని బండెక్కించుకున్నాడు. పుట్టపర్తి పొలిమేరలో బండి ఆపి, జేబులోంచి తెల్లగుడ్డ తీసి కుడిచెయ్యి చాపాడు.

"కట్టు."

"ఏమైంది?"

"ఏమీ కాలేదే! గేటు పడి నలిగిందని చెప్తాం. నేను పక్కన నిలబడి చెప్తాంటా, నువ్వు చేస్తాండు. ఐడీ నాకిస్తారు. ఎట్లుండాది?"

హేమ కట్టింది. "గట్టిగా" అన్నాడు. గట్టిగానే కట్టింది. కోపం రావాల్సింది కానీ రాలేదు. నాలుగున్నరకి లేచి, ఇంటిల్లిపాదికీ వండి, అత్తకి మాత్రలిచ్చి వచ్చిన ఒంట్లో కోపానికి ఓపిక ఎక్కడిది? కూర్చోడానికి ఒక కుర్చీ దొరికితే చాలనిపించింది. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో రాసుకున్నాడు: విష్ణువర్ధన్, ముదిగుబ్బ. పక్కన: తోడు, ఒకరు.

పరీక్ష పెట్టే ఇంజినీరు ప్రసూన కట్టు వంక చూసి, "అయ్యో, ఇంకోరోజు రాకూడదా?" అంది.

"ఏం పర్వాలేదు మేడం. నేను చెప్తాంటే ఈమె చేస్తాది."

"ఆమెకి వచ్చా?"

"ఊరికే సాయం చేస్తాంటాదిలే, మేడం."

హేమ మిషను ముందు కూర్చుంది. నీలం పోగు, నారింజ, పచ్చ, మట్టిరంగు... చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. ఆమె తుడిచేశాక ఆయన "ఆ, తుడువు" అన్నాడు. కోసేశాక "కొయ్యి" అన్నాడు. ఏడో పోగు దగ్గర ఏం చెప్పాలో తెలియక, "బాగా చూసి చెయ్" అన్నాడు. పదకొండు పోగులయ్యాయి. మిషను పదకొండుసార్లూ బాగుందనే చూపించింది. ప్రసూన వంగి ఒక్కొక్కటీ చూసి, "ఇంత శుభ్రమైన అతుకు ఈ నెలలో చూడలేదు" అంది. హేమ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల వంచుకుంది.

"ఇంక ఒక్కటే కదా మిగిలింది. మరి ఐడీ ఎవరి పేరున రాయమంటారు?" ప్రసూన హేమ వైపే చూస్తూ అడిగింది.

"నా పేరే మేడం. అంతా నేను చెప్పిందే కదా" అన్నాడు విష్ణువర్ధన్.

ప్రసూన ఒక్క క్షణం ఆగి, హేమ ఏమైనా అంటుందేమోనని చూసింది. హేమ పన్నెండో పోగు చేతిలోకి తీసుకుంది. ప్రసూన ఫారం, పెన్నూ బల్లమీద పెట్టి, "అయితే ఇక్కడ సంతకం చెయ్యండి" అంది.

పన్నెండేళ్ల అలవాటు. విష్ణువర్ధన్ ముందుకు వంగి, కట్టు కట్టిన కుడిచేత్తోనే పెన్ను అందుకుని, చదవకుండా, బరబరా సంతకం గీసేశాడు. చెయ్యి ఎక్కడా వణకలేదు, నొప్పి అనలేదు. గీసేశాక గానీ ఆయనకి గుర్తు రాలేదు. ప్రసూన ఆ చెయ్యి వంక చూస్తూ ఉండిపోయింది.

హేమ కూడా చూసింది. పనికి లేవని చెయ్యి సంతకానికి లేచింది. ఇన్నేళ్లూ ఆమెకి తెలియనిదేం కాదు, కానీ ఇట్లా బల్లమీద, పట్టపగలు, ఇంకో మనిషి ఎదుట ఎప్పుడూ కనపడలేదు. పన్నెండో పోగు కొస వేళ్ల మధ్య అట్లాగే ఉంది. దాన్ని మెల్లగా నల్ల కాగితం మీద పెట్టింది. లేచి, మొగుడి చెయ్యి పట్టుకుని, తాను వేసిన ముడి తానే విప్పడం మొదలుపెట్టింది.

"ఏమ్మే, ఏం చేస్తాండావ్!" అని ఆయన పళ్లు బిగించి అన్నాడు. చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. చుట్టు తర్వాత చుట్టు విప్పి, గుడ్డ మడిచి బల్ల చివర పెట్టింది. లోపల చెయ్యి నున్నగా, చిన్న గీత కూడా లేకుండా ఉంది.

"ఈయన చెయ్యి బాగుండాది మేడం. ఇంకొక పోగు మిగిలింది, ఈయన్నే అతకమనండి. నాకింకో ఫారం ఇయ్యండి."