ముడుల తాడు

మంచం పక్క మేకు దగ్గర మొదలుపెట్టి, తాడును ఒక్కో మేకు నుంచీ విప్పుకుంటూ ఆమె స్నానాలగది తలుపు దాకా వచ్చింది. అత్త ఇంకా నిద్ర లేవలేదు. గోడవైపు తిరిగి, నోరు కొద్దిగా తెరిచి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. ఆమె చప్పుడు కాకుండా తాడు చుట్టి, సబ్బునీళ్ళ బకెట్లో వేసి పెరట్లోకి పట్టుకెళ్ళింది.

అది కొన్న తాడు కాదు. బట్టలు సరిచేసే దుకాణాల్లో పనిచేస్తూ ఇన్నేళ్ళుగా ఎవరెవరి ప్యాంట్ల పొడవో తగ్గించగా మిగిలిన అంచు ముక్కల్ని జడలా అల్లింది. అత్తకు చూపు పూర్తిగా పోయిన ఏడాది మొదలుపెట్టిన అల్లిక. ఇల్లు మారినప్పుడల్లా మంచం వైపు కొసన కాస్త పెరుగుతుంది, లేదా కాస్త తగ్గుతుంది. గడప వచ్చేచోట ఒక ముడి వేస్తుంది. అది ఇంటినిబట్టి జరుగుతుంటుంది. స్నానాలగది వైపు కొసన ఉన్న జంటముడిని మాత్రం ఇంతవరకూ విప్పలేదు. అత్త తాడు పట్టుకుని నడుస్తూ, "ఇదిగో గడప, ఇదిగో నా రాజ్యం" అని గొణుక్కుని, ఆ జంటముడి గుప్పిట్లో పెట్టుకుని కాసేపు రొప్పు తీర్చుకుని లోపలికి వెళ్తుంది.

భర్త రోడ్డు రోలరు నడుపుతాడు. రోడ్డు పూర్తయితే రోలరు కదులుతుంది, దాని వెనకే సంసారం కదులుతుంది. పిల్లలు లేరు. మాటిమాటికీ బడి మార్చే బాధ తప్పిందని ఆమె నవ్వుతూ చెప్పేది కానీ, ఆ నవ్వును ఎవరూ నమ్మేవారు కాదు. కిటికీ పొడవైతే పాత తెరకే ఒక ముక్క అతికేది. వంటింటి అలమర ఎత్తయితే కింద పెట్టె వేసుకునేది. కొత్త ఇంట్లో మొదట దేవుడి పటం, తర్వాత అత్త తాడు, ఆ తర్వాతే పొయ్యి.

"దేవుడు మనకంటే ముందే వెళ్ళి ఇల్లు చూసిపెడతాడు అత్తయ్యా" అనేది ప్రతిసారీ.

"నీ దేవుడిదీ బదిలీల ఉద్యోగమేనటే? పాపం, ఆయనకూ ఒక కొంప లేదన్నమాట" అనేది అత్త.

ఈ ఇంటికి వచ్చిన రోజు మాత్రం అత్త వేళాకోళం ఆడలేదు. గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. "ఇదే ఆఖరు. ఇంకో ఇల్లు నేర్చుకోవడం నా వల్ల కాదు. నీ దేవుడికి గట్టిగా చెప్పు" అంది. ఆమె చెప్పింది. రోజూ పటం ముందు ఒక్కటే కోరిక. అత్త ఉన్నన్నాళ్ళూ ఈ ఇల్లు కదలకుండా చూడు స్వామీ, ఆ తర్వాత ఎక్కడికి పొమ్మన్నా పోతాను.

నిన్న భర్త చెప్పులు విడుస్తూ, "రోడ్డు అయిపోయింది. రేపు కాక ఎల్లుండి లారీ వస్తుంది" అన్నాడు.

ప్రతిసారీ అత్తకు ముందు చెప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడు తాడు విప్పేది. ఈసారి చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకుంది. పాత గోడల మురికి కొత్త గోడలకు అంటకూడదని, మారేముందు తాడు ఉతకడం ఆమె నియమం. ఎండ బాగా ఉంది. మధ్యాహ్నానికి ఆరిపోతే వచ్చి మళ్ళీ కట్టేయొచ్చు, అత్తకు తెలియను కూడా తెలియదు.

అత్త లేచాక మొహం కడిగించి, మంచం మీదే తినిపించింది.

"నేను వచ్చేదాకా దిగకండి. ఏదైనా కావాలంటే పక్కింటావిణ్ణి పిలవండి."

"ఎందుకే, కొత్తగా?"

"నేల తడిగా ఉంది అత్తయ్యా."

దుకాణంలో ఒప్పుకున్న బట్టలు మిగిలి ఉన్నాయి. ఒకరి బట్టలు సగంలో వదిలి ఊరు దాటడం ఆమెకు ఇష్టం ఉండదు. నడుము దగ్గర బిగుతైన గౌను లోపల దాచిన బట్టను వెతికి వదులు చేస్తుంటే, దుకాణం అక్క కళ్ళజోడు పైనుంచి చూసింది.

"వెళ్ళకపోతే ఏమవుతుంది? ఆయన్ని పంపి నువ్వూ మీ అత్తా ఇక్కడే ఉండండి."

"సర్దుకుంటాం అక్కా. అలవాటే కదా."

"ఎంతకని సర్దుకుంటావు? ఈ గౌనులో కూడా ఇక వదలడానికి బట్ట లేదు, చూడు."

ఆమె చూసింది. నిజమే, లోపల అర వేలు వెడల్పు కూడా మిగల్లేదు. ఉన్న కాస్తా వదిలి కుట్టింది.

చివరి ప్యాంటుకు ఇస్త్రీ చేస్తుండగా పక్కింటావిడ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. "నన్ను పిలవనేలేదమ్మా, ఒట్టు, పిలవనేలేదు" అని అదే మాట తిప్పితిప్పి చెబుతోంది.

అత్త పెరటి మెట్ల కింద పడి ఉంది. ఈ ఇంట్లో స్నానాలగది మంచానికి కుడివైపు. ఎడమవైపు పెరటి తలుపు, మెట్లు. దీనికి ముందు ఇంట్లో స్నానాలగది ఎడమవైపు ఉండేది.

అందరూ కలిసి మంచం మీద చేర్చారు. డాక్టరు వచ్చి కళ్ళు చూశాడు, తల వెనక తడిమాడు. భర్తను గుమ్మం దాకా తీసుకెళ్ళి, "తలకు లోపల దెబ్బ. ఆసుపత్రికి తీసుకెళ్తే దారిలోనే పోవచ్చు. ఇక కదిలించకండి" అన్నాడు.

కదిలించకండి. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరైనా అంటే చాలని ఎదురుచూసింది.

అత్త చెయ్యి గోడ మీద పాకుతోంది. ఆమె ఆ చేతిని పట్టుకుంది.

"బోసి మేకులే తగిలాయే. మారిపోయామనుకున్నా. ఏ ఇంట్లో ఉన్నామో గుర్తురాలా" అంది అత్త.

"మన ఇల్లే అత్తయ్యా."

"ఎక్కడికే ఈసారి?"

"ఎక్కడికీ లేదు. ఇక్కడే ఉంటాం."

అత్త పెదవి కాస్త వంగింది. "అబద్ధం కూడా వంకర పోకుండా కుడతావు" అంది.

ఆ తర్వాత మాట్లాడలేదు. వీధిలో దీపాలు వెలిగే వేళకు, ఆమె గుప్పిట్లోని అత్త వేళ్ళు వదులయ్యాయి. భర్త చేతులకు అంటిన తారు కడుక్కోకుండానే తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. అమ్మకు ముందే చెప్పి ఉంటే బాగుండేదన్న మాట అతను అనలేదు. అంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

పటం ముందు నిలబడింది. అత్త ఉన్నన్నాళ్ళూ ఇల్లు కదలకూడదని అడిగింది. కదల్లేదు. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. ఆ సంగతి తట్టాక ఆమెకు దేవుడి మీద కోపం రాలేదు, భయం వేసింది. ముందే వెళ్ళి ఇల్లు చూసిపెడతాడన్న మాట ఎంత ప్రయత్నించినా నోటికి రాలేదు.

అయినవాళ్ళెవరూ లేని ఊళ్ళో రోలరు మనుషులే వచ్చి అత్తను మోశారు. అంత్యక్రియలు అయ్యాక లారీ వచ్చింది. రోలరును అప్పటికే వేరే మనిషి తీసుకెళ్ళిపోయాడు. ఆమె గిన్నెలు సర్దింది, తెరలు మడిచింది, పటాన్ని పాత చీరలో చుట్టింది.

"పెరట్లో ఏమైనా ఉందా?" అని భర్త లారీలోంచి అడిగాడు.

ఆమె పెరటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమీ లేదండీ" అని తలుపు వేసింది.

ఆరేసిన తాడు తీగ మీద ఎప్పుడో ఆరిపోయింది. కొసన ఉన్న జంటముడి దగ్గర బట్ట అత్త చేతిలో అరిగి అరిగి నున్నబడి ఉంది.