గాలి పట్టేవాడు

మా సాన్ రోసెండోలో పెళ్ళి సంబంధం చూసేటప్పుడు పిల్ల అందం కన్నా ముందు పిల్లకి తమ్ముడున్నాడా అని అడుగుతారు. సముద్రం అడుగున పనిచేసేవాడికి పడవ మీది కంప్రెసరునుంచి రబ్బరు గొట్టంలో గాలి వస్తుంది. పైన ఒకడు ఆ గొట్టం పట్టుకుని కూచుంటాడు. వాడు ఏమరుపాటుగా ఉంటే కిందవాడు శవమై తేలతాడు. గొట్టం సొంత అన్నదమ్ముడి చేతికిచ్చావనుకో, నువ్వు చచ్చిన మర్నాడే పడవ వాడిదవుతుంది. అదే బావమరిదికిస్తే, నువ్వు చస్తే అక్క పిల్లల్ని వెంటేసుకుని వాడి కొంపకే చేరుతుంది. అందుకని మా పెద్దవాళ్ళు గాలిని బావమరిదికే అప్పగించారు. వాళ్ళు ప్రేమలని నమ్ముకుని బతికిన మనుషులు కారు.

నా గాలి ఫిడెన్సియో పట్టేవాడు. నా భార్య ఎవులాలియాకి ఒక్కగానొక్క తమ్ముడు. వాగుడుకాయ, తాగుబోతు, పేకాటలో పచ్చి దొంగ. కానీ గొట్టం చేతిలోకి తీసుకున్నాడంటే మాటా పలుకూ ఉండేది కాదు, సిగరెట్టు కూడా ముట్టేవాడు కాదు. నేను పైకొచ్చి ముఖానికున్న అద్దం తీసేదాకా వాడు వేరే మనిషి. తీయగానే మళ్ళీ బూతులు మొదలు.

ఎవులాలియా, నాకు లాలా, మా సహకార సంఘం హేచరీ నడుపుతుంది. ఎన్సెనాడా పట్నం వెళ్ళి చదువుకుని, అక్కడే ఉండిపొమ్మన్నా ఉండకుండా తిరిగొచ్చింది. మా ఊరి బతుకంతా అబులోన్ మీదే. అరచేయంత ఒంటి చిప్ప, దాని కింద రాయిని కరుచుకునే మందపాటి కండ, అంతే ఆ జీవి. సముద్రం వేడెక్కిన ఏళ్ళలో అవి కుప్పలుతెప్పలుగా చచ్చాయి. మిగిలినవి ఒకటి ఇక్కడ, ఒకటి అల్లంత దూరాన. ఆడది ఇక్కడ గుడ్లు వదిలి, మగది ఇంకెక్కడో తన వీర్యం వదిలితే నీళ్ళల్లో ఆ రెండూ కలిసేదెలా? అందుకని దూరదూరంగా ఉన్న ముసలివాటినన్నిటినీ ఏరి తెచ్చి ఒకే రాయి మీద పక్కపక్కన కూచోబెడదామంది ఎవులాలియా. కొన్నిటిని హేచరీ తొట్లలో పెట్టి, నీళ్ళల్లో మందు కలిపి, గుడ్లు వదిలించి సీడు, అంటే నలుసంత పిల్లల్ని, తీస్తుంది. మిగతావి రాయి మీద వాటంతట అవే పిల్లలు పెట్టాలి. ఫిడెన్సియో దానికి పెళ్ళిపందిరి అని పేరు పెట్టాడు. ఆ రాయి ఎక్కడుందో ముగ్గురికే తెలుసు: ఎవులాలియాకి, నాకు, వాడికి.

దొంగలకి ఏరుకునే శ్రమ లేకుండా అన్నీ ఒక్కచోట పెడుతున్నామని మా ముగ్గురికీ తట్టలేదు. చదువుకున్నదానికీ తట్టలేదు, చదువు లేనివాళ్ళకీ తట్టలేదు.

పందిరి మీద దొంగలు పడ్డ రోజు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన మీద కాపలా ముసలాయన లిబ్రాడో. వాళ్ళ పడవని చూసి రేడియో అందుకోబోతే ఇద్దరు వెనకనుంచి వచ్చి పడ్డారు. ఆయన చేతులు రాతి మీద పరిచి, ఇంకో రాయితో వేళ్ళన్నీ చితక్కొట్టారు. నేను వెళ్ళేసరికి ముసలాయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి తనవి కానట్టు చూస్తున్నాడు. తర్వాత రాయి దగ్గరికి దిగాను. కండ కోసుకుపోయి చిప్పలు అక్కడే పారేశారు. ఎవులాలియా అతికించిన నంబరు బిళ్ళలు ఇంకా వాటి మీదే ఉన్నాయి. తొందరలో వదిలేసిన కొన్ని రాయినే పట్టుకుని ఉన్నాయి గాని ఒక్కొక్కదానికీ ఊడదీసే ఇనప బద్ద గాటు పడింది. అబులోన్ నెత్తురు గడ్డ కట్టదు. చిన్న గాటు పడితే చాలు, కారి కారి చస్తుంది. వాటిని తొట్లో వేసి ఎవులాలియా రోజంతా పక్కనే కూచుంది. ఒక్కటీ దక్కలేదు.

రాయి సంగతి దొంగలకి చెప్పింది ముగ్గురిలో నేను కాదు, ఎవులాలియా కాదు. ఆ మాట ఆమె పైకి అనలేదు, నేనూ అనలేదు. ఫిడెన్సియో ఆ వారమంతా నా కళ్ళల్లోకి చూడలేదు.

అయినా మళ్ళీ వాడి చేతికే గొట్టం ఇచ్చాను. ఎందుకిచ్చావని తర్వాత చాలామంది అడిగారు. సీజను మధ్యలో గాలి పట్టేవాణ్ణి మారిస్తే, వీడు నన్ను చంపేవాడని రేవంతటికీ చాటినట్టే. లిబ్రాడో చేతులు చూసిన జనం వాడిని ఆ సాయంత్రానికే పాతిపెట్టేవాళ్ళు. ఇంకో సంగతి కూడా ఉంది. వాడు దొంగ అని నాకు ముందునుంచీ తెలుసు. దొంగ వేరు, హంతకుడు వేరు.

ఎవులాలియాకి ఆ తేడా కనపడలేదు. ఆ రోజు తనూ పడవెక్కింది. పైకి తెచ్చినవాటిని అక్కడికక్కడే చూసుకోవాలంది. అబులోన్ ఊడదీసే ఇనప బద్ద ఒకటి ఒళ్ళో పెట్టుకుని తమ్ముడి వెనక కూచుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాలో కిందివాడికీ పైవాడికీ మధ్య సైగలుంటాయి. ఏ జంట సైగలు ఆ జంటవే. పెళ్ళానికి కూడా చెప్పరు. సర్కారు మనుషుల కళ్ళు కప్పి వేటాడిన తాతల కాలంనుంచీ అది కట్టుబాటు. కిందివాడి నడుముకి కట్టిన తాడు మూడుసార్లు లాగితే పైకి రమ్మని, అది అందరికీ తెలిసిందే. మా ఇద్దరికే తెలిసినది ఇంకొకటుంది. గొట్టం మడిచి వదిలి, మళ్ళీ మడిచి వదిలితే, పైన కీడుంది, ఏమైనా సరే పైకి రావద్దని. ఫిడెన్సియోనే తాగిన మైకంలో కనిపెట్టాడు. "మా అక్కకి కోపమొచ్చిన రోజు పనికొస్తుంది బావా," అన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వాడలేదు.

లోతైన రాతి నెర్రెలో ఇంకా కొన్ని మిగిలాయని నాకు నమ్మకం, వాటి కోసమే ఆ రోజు దిగాను. అడుక్కి చేరీచేరకముందే గాలి ఆగిపోయింది. పీలిస్తే రబ్బరు నోటికి అతుక్కుంది గాని గాలి లేదు. ఇంతలో బుస్సుమని వచ్చింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ వచ్చింది. తల ఎత్తి చూస్తే మా పడవ అడుగు పక్కన ఇంకో పడవ అడుగు ఆనుకుని ఉంది.

రాయి పట్టుకుని ఉండిపోయాను. గాలి నిలకడగా వస్తోంది. పైన నా పెళ్ళాం ఉంది, వాడున్నాడు, ఇంకెవరో ఉన్నారు. పైకి పోవాలని ప్రతి నరమూ లాగుతోంది. చేతులకి పనివ్వకపోతే పిచ్చెక్కేలా ఉంది. నెర్రెలోకి తల పెట్టి అబులోన్లని ఊడదీయడం మొదలెట్టాను. అది కండ బిగించుకునేలోపు బద్ద కిందికి జారిపోవాలి, ఒక్క కదలికలో, ఒడుపుగా. ఒకటి తీశాను, ఇంకొకటి తీశాను. పై నీళ్ళల్లోంచి ఏదో నల్లగా ఊగుతూ దిగింది. ఫిడెన్సియో టోపీ. పక్క పడవ మోటారు ఒక్కసారిగా రంకె వేసి దూరమైంది. ఆ తర్వాత తాడు మూడుసార్లు లాగారు. ఆ లాగడం వాడిది కాదు.

పడవ అంచు పట్టుకుని పైకి చూశాను. ఎవులాలియా నా చంకల్లో చేతులేసి లోపలికి లాగింది. ఆమె ముఖం, మెడ, జాకెట్టు అంతా నెత్తురు. ఫిడెన్సియో గొట్టం చుట్టల మీద పక్కకి పడి ఉన్నాడు. చెవి ఉండాల్సిన చోట చెవి లేదు. ఒక కన్ను తెరుచుకునే ఉంది. మడమ ఒకటి పడవ చెక్కని టకటక తడుతోంది. నేను పక్కన మోకాళ్ళ మీద కూలబడేసరికి అది ఆగిపోయింది.

"నిన్ను చంపబోయాడు," అంది ఎవులాలియా. "గొట్టం మడిచాడు. నా కళ్ళతో చూశాను."

నోట్లోంచి రబ్బరు తీశాను.

జరిగినదంతా ఆమె ఒడ్డున అందరి ముందూ చెప్పింది. వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళ నాయకుడు ఎడంచేత్తో పిస్తోలు పట్టుకుని, "మొన్న రాయి చూపించావు ఫిడెన్సియో, ఇవాళ మనిషిని పైకి లాగు. మిగిలినవెక్కడున్నాయో వాడి నోటితోనే చెప్పిద్దాం," అన్నాడట. తమ్ముడే అమ్మాడని అప్పటిదాకా అనుమానం, అప్పటికి రుజువు. ఫిడెన్సియో ఒక్క మాట అనకుండా ముందుకి వంగాడట. తాడు అందుకోకుండా గొట్టం అందుకుని మడిచాడట. ఎవులాలియా బద్ద ఎత్తి చెవి మీద కొట్టింది. పడ్డాక మళ్ళీ కొట్టింది. ఎన్నిసార్లో తనకి గుర్తు లేదు. ఎడంచేతివాడు ఆమె మీద కాల్చిన గుండు పడవ అంచుని పగలగొట్టింది. ఆ చప్పుడుకి మా సంఘం గస్తీ పడవ కొన వెనకనుంచి వచ్చింది. వాళ్ళు పారిపోతుంటే గస్తీవాళ్ళు ఎదురెళ్ళి గుద్దారు. ఇద్దరు నీళ్ళల్లో పడి మరి కనపడలేదు. మూడోవాడు దొరికాడు.

వాడిని ఇసక మీద పడేసి ఊరంతా కొట్టింది. ఆడవాళ్ళు తెడ్లతో కొట్టారు. నేను నడుముకున్న సీసపు గుళ్ళ పట్టీ విప్పి దాంతో బాదాను. పళ్ళు రాలాయి, పక్కటెముకలు విరిగిన చప్పుడు నా చేతికి తెలిసింది. పెళ్ళిపందిరి కోసం కొడుతున్నాననుకున్నారు అందరూ. నేను ఫిడెన్సియో కోసం కొట్టాను. లిబ్రాడో కట్లు కట్టిన చేతులతో వచ్చి, అందరినీ పక్కకి తప్పుకోమని, వాడి అరచెయ్యి మీద బూటు మడమతో నిలబడి నిదానంగా తిప్పాడు. వాడు అరిచిన అరుపుకి చర్చి మీది గువ్వలు లేచిపోయాయి. నేవీవాళ్ళు వచ్చి తీసుకుపోయేటప్పటికి వాడికి ఊపిరైతే ఉంది.

సముద్రం మీద పోయినవాడి శవపేటికని పడవలో పెట్టి, ఊళ్ళో పడవలన్నీ వెంట రాగా అఖాతం చుట్టూ తిప్పడం మా ఆచారం. ఫిడెన్సియోకి అది లేదని సంఘం హాల్లో తీర్మానించారు. గాలి అమ్ముకున్నవాడికి పడవలెందుకన్నారు. ఒక్క చెయ్యీ అడ్డం లేవలేదు. మా అత్త క్రెసెన్సియా లేచి, "నాకు కొడుకు లేడు. ఉన్నది కూతురొక్కతే," అంది. అని, అందరూ చూస్తుండగా కూతురి కుడిచెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే నా పెళ్ళాం సొంత తమ్ముణ్ణి అన్యాయంగా చంపినదవుతుంది. మూసుకుంటే, నా ఊపిరి కాపాడినవాడు నా ఊపిరి తీయబోయినవాడిగా మట్టిలోకి పోతాడు. వాడెలాగూ పోయాడు, ఈమె బతకాలి కదా అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

హాల్లోంచి ఎవులాలియా ఇంటికి పోలేదు, హేచరీకి పోయింది. వెనకే వెళ్ళాను. పొద్దుటినుంచీ బకెట్లోనే ఉన్న నా సంచిలోవాటిని ఒక్కొక్కటే తీసి, వెల్లకిలా తిప్పి, కండ అంచంతా వేలితో తడిమి చూసి తొట్లో పెడుతోంది. చూడకుండా ఏ అబులోన్నీ నీళ్ళల్లోకి వదలదు ఎవులాలియా.

"గాలి ఎంతసేపు ఆగింది?" అంది తల ఎత్తకుండా.

"చాలాసేపు."

"మళ్ళీ రాలేదా?"

"రాలేదు లాలా. ఇక అయిపోయిందనుకున్నా."

ఇంకొకటి తిప్పింది. వేలు అంచు చుట్టూ నెమ్మదిగా తిరిగింది.

"నువ్వు అడుక్కి దిగావో లేదో, వాళ్ళొచ్చారు. అప్పటికి నీ సంచి ఖాళీ. ఇవన్నీ ఆ తర్వాత తీసినవే."

దొరికిపోయానని తెలిసింది.

"ఒక్కదానికీ గాటు లేదు నాబోర్. ఊపిరాడనివాడి చెయ్యి ఇలా ఉండదు. నీ గాలి ఆగిపోలేదు. ఏం జరిగిందో చెప్పు."

చెప్పాను. రెండు మడతల సంగతి, దాని అర్థం, అది వాడు కనిపెట్టిన రోజు అన్న మాట కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. అక్క కోపం అన్న మాట దగ్గర ఆమె ముఖంలో ఏదో కదిలి మళ్ళీ గట్టిపడింది.

"మడిచి వదలడం చూశాను," అంది. "మొదటిసారి వదిలాడు, రెండోసారీ వదిలాడు. చంపేవాడైతే ఎందుకు వదులుతాడు? చూసి కూడా కొట్టాను. నీ కోసం కొట్టానో, రాయి అమ్మినందుకు కొట్టానో నాకు తెలీట్లేదు."

"వాడు అమ్మిన మాట నిజమే కదా."

"అమ్మాడు. నిన్ను మాత్రం అమ్మలేదు."

ఆఖరిదాన్ని తొట్లో పెట్టి, అది అద్దానికి అతుక్కునేదాకా చూసింది. నీళ్ళ కుళాయి తిప్పింది. నేను వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఎవరికీ చెప్పద్దన్నాను. చెప్తే వాడు తిరిగిరాడు, ఇక ఈ ఊళ్ళో నువ్వు తల ఎత్తుకోలేవన్నాను. నీ మొగుణ్ణి, నా కోసమైనా బతుకన్నాను. అన్నీ విన్నది.

"అమ్మ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది నాబోర్," అంది.

"అయితే నేను చెప్తాను మీ అమ్మకి. నన్ను చెప్పనీ."

"నువ్వు కిందున్నావు. కొట్టింది నేను."

నన్ను పక్కకి జరిపి, తడి చేతులతోనే వాళ్ళమ్మ ఇంటివైపు నడిచింది.