సెలవు అడగని పిల్ల

మానవపాడు చుట్టుపక్కల వానాకాలం వచ్చిందంటే ఎటు చూసినా విత్తన పత్తే. సాయంత్రం మొగ్గను విప్పి, లోపలి పుప్పొడి కాడలను గోటితో తీసేసి, మర్నాడు పొద్దున్నే వేరే రకం పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. క్రాసింగ్ అంటారు. ఆడవాళ్ల వేళ్లకే ఒదిగే పని అది. ఆ రోజు కూడా ఆటో దిగిన ఆడకూలీలను చేను యజమాని మహిపాల్ గట్టు మీదే ఆపి, ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"బయటున్నోళ్లు ఎవరన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. ముట్టుకుంటే కాయ నిలవదు. తర్వాత నన్ను అనొద్దు."

నెలసరిలో ఉన్న ఇద్దరు తల దించుకొని పక్కకు జరిగారు. వాళ్ల ఆ రోజు కూలి పోయినట్టే. అందరికంటే ముందు చేలోకి దిగింది పదిహేడేళ్ల నవ్య. వెనకే వస్తున్న తల్లి రాధమ్మ ముఖం వెలిగిపోయింది.

"నీ బిడ్డ బంగారం రాధమ్మా! సీజన్ మొత్తం ఒక్క దినం గూడ సెలవడగది," అన్నాడు మహిపాల్.

"దేవుని దయ సారూ. దానికి ఆ పరేషాన్ లేదు."

నవ్యకు ఏడాదికి రెండుసార్లు నెలసరి వస్తే గొప్ప. ఆ సంగతి తెలిసి దవాఖానకు పరుగెత్తాల్సిన తల్లి దేవునికి స్తోత్రం చెప్పుకుంది. రాధమ్మను తప్పుపట్టడానికి తొందరపడకండి. నెలనెలా కూలి పోగొట్టుకొని, నడుము నొప్పిని పళ్ల బిగువున దాచుకొని, గుడ్డ ఆరేసుకోవడానికి చాటు వెతుక్కుంటూ బతికిన మనిషి ఆమె. ఆ బాధ బిడ్డకు లేకపోవడం ఆమెకు వరంలా కనబడింది. ఒంట్లో సహజంగా జరిగేదానికి మైల అని పేరు పెట్టాక, అది ఆగిపోతే జబ్బని ఎవరికి తోస్తుంది?

పైగా ఆ పిల్ల చెయ్యి చాలా సున్నితం. మొగ్గ చిట్లకుండా విప్పడంలో ఆ చుట్టుపక్కల నవ్య తర్వాతే ఎవరైనా. ఆ చేతిని కాపాడుకోవాలని రాధమ్మకు ఒక ఆలోచన వచ్చింది. క్రాసింగ్ అయిపోయాక కలుపుకు గానీ, మిరప కోతకు గానీ బిడ్డను పంపేది కాదు.

"పార పడితే వేళ్లు బిరుసెక్కుతయ్ బిడ్డా. మళ్ల సీజన్ దాక ఇంట్లనే కూసో."

తల్లి ప్రేమే అది. కానీ ఏడాదిలో ఎక్కువ కాలం నవ్య గడప దాటలేదు. మంచం మీద ఫోను, పొద్దున రేషన్ బియ్యం అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం, నడుమ చక్కెర దట్టంగా వేసిన చాయ్. జొన్న రొట్టె చేసే పెనం అటక ఎక్కి ఎన్నాళ్లయిందో! పిల్ల ఒళ్లు చేసింది. "రాధమ్మ ఇంట్ల కరువు లేదు" అని వాడకట్టు ఆడవాళ్లు అంటే, దిష్టి తగులుతుందని రాధమ్మ ఉప్పు తిప్పి పడేసింది.

మెడ చుట్టూ నల్లటి మడతలు పడ్డాయి. మట్టి అనుకొని తల్లి పీచుతో ఎర్రగా కందిపోయేదాకా రుద్దింది. గడ్డం కింద వెంట్రుకలు మొలిస్తే దారంతో లాగేసి, ఎవరికీ చెప్పొద్దంది. ఒళ్లు తన భాషలో మొరపెట్టుకుంటూనే ఉంది. వినేవాళ్లే లేకపోయారు.

కొన్నేళ్లకు నవ్యకు పెళ్లయింది, గోపాల్‌పేట సంబంధం. అల్లుడు వినయ్ ట్రాక్టర్ నడుపుతాడు, మంచివాడే. రెండేళ్లు గడిచినా నవ్య కడుపు పండలేదు. ఊళ్లో సూది మందు వేసే డాక్టరు బిళ్లలిచ్చాడు. మింగితే నెలసరి వచ్చేది, మానితే ఆగిపోయేది. రావడమే చాలనుకున్నారు గానీ, ఎందుకు ఆగుతోందని ఎవరూ అడగలేదు. ఒక ఎండాకాలం మొదలైన రక్తస్రావం వారాలు గడిచినా ఆగలేదు. పట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాను తీసి, గర్భసంచి చెడిపోయింది, తీసేస్తే పీడ పోతుందన్నారు.

నవ్య తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, గద్వాల పెద్ద దవాఖానల ఒకసారి అడుగుదమే. నాకు పిల్లలు గావాలె."

"నెత్తురంత పోతుంటే ఎక్కడెక్కడ తిరుగుదుమే? నేను తీపిచ్చుకోలేదా, మీ పెద్దమ్మ తీపిచ్చుకోలేదా? ముందుగాల నువ్వు బతుకు."

వినయ్ ఆసుపత్రివాళ్లు చెయ్యమన్న చోట సంతకం చేశాడు. ఇరవై నాలుగేళ్లకే నవ్య గర్భసంచి పోయింది.

కుట్లు ఎంతకీ మానలేదు. చీము పట్టాక గానీ గద్వాల వెళ్లలేదు. అక్కడి డాక్టరమ్మ శ్రీవాణి కుట్లు చూసి, మెడ మీది నలుపు చూసి, రక్త పరీక్ష చేయించింది. షుగర్ చాలా ఎక్కువగా ఉంది. పాత స్కాను కాగితం వెలుతురుకు పెట్టి చూసి, రాధమ్మ వైపు తిరిగింది.

"ఎన్నో ఏట నుంచి నెలసరి సరిగ్గా రావట్లేదు?"

"మొదటి నుంచీ అంతే మేడం," అంది రాధమ్మ.

"ఎవరికైనా చూపించారా?"

"రోగమని తెల్వదు మేడం."

డాక్టరమ్మ కోపాన్ని దిగమింగుకుంది. "అమ్మా, దీన్ని పీసీఓఎస్ అంటారు. అండాశయాల్లో గుడ్డు సమయానికి విడుదల కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. మెడ నల్లబడేది, బరువు పెరిగేది అందుకే. నెలసరి రాక లోపలి పొర మందంగా పేరుకుపోయి, చివరికి ఇట్లా రక్తస్రావమవుతుంది. మూడు నెలలు నెలసరి రాలేదంటే అప్పుడే చూపించాలి. అన్నం తగ్గించి జొన్న రొట్టె, పప్పు, కూరగాయలు తిని, రోజూ చెమట పట్టేలా నడిచి, వేళకు నిద్రపోయి, కొద్దిగా బరువు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. అవసరమైతే మందులిస్తాం. ఇది ఉన్నా ఎంతోమంది తల్లులయ్యారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు."

"సంచి తీసేసిండ్రు గద మేడం, ఇంక రోగం పోయినట్టే గదా?" రాధమ్మ గొంతులో చిన్న ఆశ.

"రోగం సంచిలో లేదమ్మా, ఒళ్లంతా ఉంది. అది అట్లాగే ఉంది. పిల్లలు పుట్టే దారి మాత్రం పోయింది."

రాధమ్మ అక్కడే నేల మీద కూలబడింది. నవ్య ఏడవలేదు. బిడ్డ ఏడ్చి ఉంటే బాగుండేదని ఆ తల్లికి ఎన్నోసార్లు అనిపించింది.

పుట్టింట్లో ఉన్న నవ్యను చూడటానికి వినయ్ కొన్నాళ్లు వచ్చాడు, తర్వాత ఫోన్లు చేశాడు, తర్వాత అవీ మానేశాడు. వానలు పడ్డాక మహిపాల్ కబురు పంపాడు. ఆపరేషన్ సంగతి అతనికి తెలిసింది. "ఇంక నవ్యకు ఎప్పటికీ సెలవు అవసరముండదు గద, పంపు" అన్నాడట. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మెచ్చుకోలు వినే ఇన్నాళ్లూ మురిసిపోయానని తలచుకొని రాధమ్మ గోడకు తల బాదుకుంది.

తర్వాతి శుక్రవారం చర్చిలో స్త్రీల కూటం జరిగింది. పాటలయ్యాక పాస్టరమ్మ ఎప్పటిలాగే, సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. దేవుడు చేసిన మేలు చెప్పుకొని స్తోత్రం చేయడం అక్కడి వాడుక. వెనక వరుసలో నవ్య లేచింది. రాధమ్మ కొంగు పట్టి లాగింది.

"వద్దు బిడ్డా, గొడ్రాలంటరు."

"అననీ," అంది నవ్య.

ముందుకు నడిచి నిలబడింది.  ఆడపిల్లలు చాప మీద దగ్గరదగ్గరగా కూర్చుని ఆమెనే చూస్తున్నారు.

"నాకు మేలు జరిగిందని చెప్పనీకి రాలే. నాకు నెల నెల రాకపోతే మా ఇంట్ల సంబురపడ్డరు. నేను గూడ పడ్డ. చేన్ల నా అంత పనిమంతురాలు లేదన్నరు. అది రోగమని ఒక్కరన్న చెప్తే నేను అన్నం తగ్గించుకునేదాన్ని, పొద్దుగాల లేచి నడిచేదాన్ని, దవాఖానకు పోయేదాన్ని. ఇప్పుడు అవన్ని చేస్తున్న. షుగర్ కోసం చేస్తున్న. ఒడిల బిడ్డ కోసం చేసే కాలం అయిపోయింది."

రాధమ్మ మోకాళ్ల మధ్య తల దాచుకొని ఏడ్చింది. ఎవరూ ఆమెను ఓదార్చలేదు. చాలామంది తల్లులు తమ కూతుళ్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

"అమ్మలారా, మీకు దండం పెడుత," అంది నవ్య. "మీ బిడ్డకు నెల రాకపోతే కూలి మిగిలిందని మురవకుండ్రి. మూడు నెలలు దాటనియ్యకుండ దవాఖానకు తీసుకపోండ్రి."