ముద్ర లేని పెట్టె

రేవు పక్క వీధిలో, మెట్ల కింద ఇరుక్కున్న ఆఫీసులో పనిచేసే ఆవిడని అందరూ ముద్రమ్మ అనేవారు. విదేశాల నుంచి సరుకు తెప్పించుకునేవాళ్ళ తరఫున కస్టమ్స్‌లో కాగితాలు పెట్టి, సుంకం కట్టించి, సరుకు బయటికి తేవడం ఆవిడ పని. ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే, చెక్కపెట్టె మీద ముద్ర ఉందా అని. పచ్చిచెక్కలో పురుగులుంటాయి. అవి ఓడెక్కి వచ్చి ఇక్కడి చెట్లని తినేస్తాయి. అందుకని పంపేచోటే చెక్కని బాగా వేడిచేసి, చేసినట్టు ముద్ర కొట్టాలి. ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆవిడ నోరు అరిగిపోయింది. వినేవాళ్ళు వినేవారు, విననివాళ్ళు తర్వాత లబోదిబోమనేవారు.

అలాంటి మనిషికి ఒకరోజు తన పేరు మీదే సరుకు వచ్చిందని కబురందింది. పంపినది పరాయి దేశంలో స్థిరపడిన అన్నయ్య.

ఆ అన్నాచెల్లెళ్ళకి మాటల్లేక ఏళ్ళయింది. అన్నయ్య దగ్గరున్న తల్లి పోయినప్పుడు రేవులో ఎవరిదో సరుకు ఆగిపోయి, అది విడిపించి ఈవిడ వెళ్ళేసరికి అక్కడ అంతా అయిపోయింది. ఊళ్ళోవాళ్ళ సరుకు మీదున్న ధ్యాస అమ్మ మీద లేకపోయిందని అన్నయ్య నలుగురిలో అనేశాడు. ఆ పూటే తిరుగు ప్రయాణమైంది. అతను ఫోన్ చెయ్యలేదు, ఈవిడా చెయ్యలేదు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. పగలంతా పనిలో పడి బాగానే ఉండేది గానీ, సాయంత్రం గది తాళం తీస్తే లోపలినుంచి "వచ్చావా" అనే మనిషి లేడు కదా, అప్పుడు అన్నయ్య గుర్తొచ్చేవాడు. వద్దనుకున్నా గుర్తొచ్చేవాడు.

కాగితాల్లో 'వాడిన కుట్టుమిషను, ఒకటి' అని ఉంది. అమ్మ మిషను! చదవగానే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక అన్నయ్య మాట్లాడినట్టే అనుకుంది.

తనిఖీ షెడ్డుకి వెళ్ళి పెట్టెని చూసింది. అది బజారులో కొన్న పెట్టె కాదు. అన్నయ్య వడ్రంగి. సొంత చేతుల్తో చేసి, చెయ్యి వేస్తే పేడు గుచ్చుకోకుండా అంచులన్నీ నున్నగా తీశాడు. నాలుగువైపులా తడిమి చూసింది. ముద్ర లేదు. ఎందుకుంటుంది? ఊరందరికీ చెప్పిన మనిషి అన్నయ్యకి చెప్పలేదు. చెప్పడానికి మాటలుంటేగా!

తనిఖీ అధికారి ఆవిడని ఎన్నాళ్ళనుంచో ఎరుగును. "ముద్రమ్మగారూ, ఆఖరికి మీరూనా?" అని నవ్వాడు. టార్చి వేసి చూస్తే అడుగుచెక్కలో సన్నటి కన్నాలు, పిండిలాంటి పొట్టు కనిపించాయి. దాంతో అతని నవ్వు ఆగిపోయింది. పురుగు పట్టాక రెండే దారులన్నాడు. మిషనుతో సహా వెనక్కి పంపాలి, లేదంటే మిషను తీసుకుని పెట్టెని కాల్చెయ్యాలి. కావాలంటే పైవాళ్ళని అడిగి చూస్తానని గొంతు తగ్గించి అన్నాడు. ఆవిడ వద్దంది. ఇదే తప్పుకి ఎందరి పెట్టెలు కాలుతుంటే చూడలేదు తను?

వెనక్కి పంపితే పెట్టె పోయి అన్నయ్య గుమ్మంలో దిగుతుంది. చెల్లెలు తిప్పి పంపేసిందనుకుంటాడు, ఇక చచ్చినా పలకడు. కాల్చడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టేసింది.

కాలుస్తుంటే సొంతదారు ఉండక్కర్లేదు. అయినా రేవు చివర పెట్టెలు కాల్చే కొలిమి దాకా వెళ్ళి నిలబడింది. పనివాళ్ళు ఎంత లాగినా పెట్టె ఊడిరాక గొడ్డలి తెచ్చారు. చేసినవాడెవడో గానీ పనిమంతుడే అన్నాడొకడు. ఆవిడకి గర్వమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మా అన్నయ్యేనని చెప్పుకోవాలనిపించింది.

సాయంత్రం మిషనుని గదిలో పెట్టుకుని, దాని పక్కనే కింద కూచుని ఫోన్ చేసింది. కనిపెట్టుకుని ఉన్నవాడిలా అన్నయ్య వెంటనే ఎత్తాడు.

"చేరిందా?"

"చేరిందన్నయ్యా. మిషను బాగుంది."

మిషను సంగతి అలా ఉంచు, పెట్టె ఎలా ఉందన్నాడు. జవాబు కోసం అతను ఆగలేదు. నీ గదిలో బట్టలన్నీ దండెం మీదే వేలాడుతుంటాయని పిన్ని చెప్పింది, బీరువా చేసి పంపుతానంటే నువ్వు వద్దంటావు, అమ్మ మిషనైతే వద్దనవు కదా, అందుకని బీరువా చేసి అందులో మిషను పెట్టానన్నాడు. నిలబెట్టి మూత చెక్కలు విప్పితే చాలుట, అవే తలుపులు. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికి వస్తున్నాయి.

"ఏ గోడకి పెడతావు? ఓసారి వచ్చి చూస్తాను," అన్నాడు.

అతను రావాలనే కదా ఆవిడ ఇన్నాళ్ళూ కోరుకున్నది! కిటికీ పక్క గోడకి అనేస్తే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆడితే మాత్రం, అది బయటపడకుండా అన్నయ్యని జన్మలో ఈ గడప తొక్కనివ్వకూడదు.

"కాల్చేశారన్నయ్యా. ముద్ర లేదని. నేనే సంతకం పెట్టాను."

ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది. పెట్టెయ్యలేదు.

"కాలుస్తుంటే అక్కడే ఉన్నావా?" అన్నాడు చివరికి.

"ఉన్నాను."

"తోడు ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరన్నయ్యా," అంది. అన్నాక ఇక ఆపుకోలేకపోయింది. ఆవిడ ఏడుస్తున్నంతసేపూ అతను ఏమీ అనకుండా అలాగే ఫోన్ పట్టుకుని ఉన్నాడు.