గోరువెచ్చని నీళ్ళు

అయినా అరుపు ఆగిపోయిందంటే నొప్పి తగ్గినట్టా, అరిచి లాభం లేదని తెలిసిపోయినట్టా, ఈ రెండిటికీ తేడా పక్కనున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది, కన్నతల్లికి మాత్రం ఎలా తెలుస్తుంది అనుకుంటూ హేమశ్రీ వేపమండల నుంచి ఆకులు దూసి చేటలో వేస్తోంది. చేట ఎప్పుడో నిండింది. నిండిన సంగతి చూస్తూనే ఇంకో మండ అందుకుంది. ఆకులున్నంతసేపూ దూస్తుండొచ్చు. దూస్తున్నంతసేపూ రెండో ఆదివారం మొదలు కానట్టే.

పెరట్లో కొబ్బరిమట్టల మంట మీద గుండిగలో నీళ్ళు కాగుతున్నాయి. రోటి దగ్గర అత్తగారు రామలక్ష్మి ఒంటికి పట్టించడానికి కుప్పింటాకు నూరుతోంది. ఆకులో ఒక గుప్పెడు రాళ్ళుప్పు, ఒక పసుపుకొమ్ము. పొత్రం తిరిగినప్పుడల్లా ఉప్పురాయి నలిగే చప్పుడు గరగరమని వినిపిస్తోంది. ఈ చప్పుడు ఇంట్లో ఉన్న పిల్లకి ఎంత పెద్దగా వినిపిస్తోందో అనుకోగానే హేమశ్రీ భుజాలు వాటంతటవే పైకి లేచాయి, చెవులు మూసుకోబోతున్నట్టు.

పిల్ల పేరు హారతి. ఐదేళ్ళు. నడిమింట్లో బీరువాకీ గోడకీ మధ్య సందులో కూర్చుని ఉంది. కుక్కర్ కూత వేస్తే ఆ సందులోకే పోతుంది. స్టీలు గరిటె గిన్నెకి గీసుకున్నా, కొత్త తువ్వాలు ఒంటికి తగిలినా అక్కడికే. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనకాల, మెడ చుట్టూ చర్మం ఎర్రగా దద్దుర్లెక్కి, గోకి గోకి రసి కారుతూ ఉంటుంది. ఆ రసి ఆరితే బట్ట అంటుకుపోతుంది. బట్ట లాగితే ఏడుపు. ఆ ఏడుపు చర్మానిదో చప్పుళ్ళదో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.

రాజమండ్రిలో చర్మం డాక్టరు ఇది గజ్జి కాదండీ, అంటుకునేది కాదు, చర్మం పొడిబారే తత్వం అని చెప్పి ఆయింట్‌మెంటు రాశాడు. పిల్లల డాక్టరమ్మ ఇంకోమాట చెప్పింది. ఈ పాపకి చప్పుడు గానీ, వాసన గానీ, తాకిడి గానీ మనకంటే ఎక్కువగా అందుతాయి, మీరు అనుకున్నట్టు మొండితనం కాదు అంది. ఆ మాటల్ని హేమశ్రీ జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చి అత్తగారి ముందు పెడితే, ఆవిడ అంతా విని, తల ఊపి, ఒక్క ముక్కలో తేల్చేసింది. "అంటే ఈ పిల్లకి అన్నీ ఎక్కువే అన్నమాట."

అప్పట్నుంచి అదే ఇంట్లో సామెతైంది. అన్నం మెత్తగా ఉందని ఉమ్మేస్తే అన్నీ ఎక్కువే. జడ వేయబోతే పరిగెడితే అన్నీ ఎక్కువే. హేమశ్రీ నోటికి కూడా రెండు మూడుసార్లు వచ్చేసింది ఆ మాట. వచ్చినప్పుడల్లా తనే ఉలిక్కిపడేది.

ఆయింట్‌మెంటుతో చర్మం నెమ్మదించింది కూడా. కానీ ఒకరోజు మధ్యాహ్నం ఫోన్లో ఎవరో తెల్లకోటు వేసుకున్నాయన, ఇలాంటి పూతమందులు వాడితే పిల్లల చర్మం కాయితంలా పల్చబడిపోతుందని చెబుతుంటే హేమశ్రీ చూసింది. డాక్టరుకి ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే కోప్పడతారేమో అనిపించింది. ట్యూబు తీసి బీరువా మీదకి విసిరేసింది. ఎవరికీ చెప్పలేదు. కొద్దిరోజుల్లోనే చర్మం మళ్ళీ భగ్గుమంది. సరిగ్గా అప్పుడే అత్తగారు కుప్పింటాకు మాట ఎత్తింది. ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది? భర్త గణేష్‌బాబు రొయ్యల చెరువులకి మేత వేయించే పనిలో ఆదివారం కూడా ఇంటిపట్టున ఉండడు. ఫోన్లో అడిగితే, చిన్నప్పుడు నాకూ ఇలాగే వచ్చిందంట, అమ్మ ఆ ఆకుతోనే తగ్గించింది, అమ్మ చెప్పినట్టు చెయ్యి అన్నాడు. మూడు ఆదివారాలు, ఆకు పట్టించి ఎండలో ఆరబెట్టి, వేపాకు నీళ్ళతో తానం చేయించాలి.

మొదటి ఆదివారం పిల్లని పట్టుకోవడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. పక్కింటి రత్తమ్మ కాళ్ళు, హేమశ్రీ చేతులు, రామలక్ష్మి మందు. రామలక్ష్మీ రత్తమ్మా పెళ్ళిళ్ళై వచ్చిన నాటినుంచీ ఒకే పాకలో పక్కపక్క పొయ్యిల దగ్గర కూర్చుని పూతరేకులు తీస్తున్నవాళ్ళు. ఆత్రేయపురం కొట్లకి వీళ్ళ రేకులే వెళ్తాయి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో తడిపిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తే, రెప్పపాటులో పొరలాంటి రేకు లేస్తుంది. దాన్ని వేళ్ళతో తీయాలి. సామర్లకోట నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో హేమశ్రీ కూడా ఆ కుండ ముందు కూర్చుంది. ఒక్క రేకు తీసి, కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుంది. పంచదార ఫ్యాక్టరీ ఊరు కదా మీది, చేతులు కూడా పాకంతో చేసి పంపినట్టున్నారు అని అత్తగారు నవ్వి, నెయ్యి రాసి మడతపెట్టే పని అప్పజెప్పింది.

ఆ రోజు ఆకు పసరు తగలగానే హారతి అరిచిన అరుపు హేమశ్రీ చేతుల్లోకి దిగింది. చేతుల్లోకే. చెవులతో విన్నట్టు గుర్తులేదు. సన్నటి మణికట్లు తన గుప్పిట్లో ఎగిరెగిరి పడుతున్నాయి. ఎండలో ఆరినంతసేపూ అరిచింది. తర్వాత పీట మీద కూర్చోబెట్టి వేపాకు నీళ్ళు మొదటి చెంబు పోయగానే ఇంకో రకం అరుపు వచ్చింది. మధ్యలోనే తెగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. గుప్పిట్లోని చేతులు తడిబట్టల్లా మెత్తబడ్డాయి. హమ్మయ్య, తేలిగ్గా ఉన్నట్టుంది అంది రత్తమ్మ. ఒళ్ళంతా దానిమ్మగింజలా ఎర్రబడితే, లోపలిది బయటికొచ్చేస్తోంది, మందు పట్టింది అంది రామలక్ష్మి.

అప్పట్నుంచి హారతి అమ్మా అని పిలవలేదు. ఉన్నవే నాలుగు మాటలు. నీళ్ళు అంటుంది, వద్దు అంటుంది. ఆ ఒక్కటీ అనడం లేదు. అన్నం ముద్ద నోటికి అందించబోతే, చెయ్యి పైకి లేవడం చూసి కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. కొట్టని చేతిని చూసి. హేమశ్రీ అప్పట్నుంచి చేతులు కనిపించకుండా పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. ముద్ద కంచంలోనే పెట్టి లేచిపోతుంది. రాత్రుళ్ళు పిల్ల పక్కన పడుకుని చేతులు రెండూ దిండు కింద దాచుకుంటుంది. భయం చర్మం గురించి కాదిప్పుడు. ఆ సందులోంచి ఈ పిల్ల ఒకరోజు బయటికి వస్తుంది, తింటుంది, పెద్దదవుతుంది, కానీ ఇంక ఎవరినీ పిలవదు. అలా జరిగితే అది జరిగిన రోజేదో ఎవరూ గుర్తుపట్టరు. అందరూ పిల్ల నెమ్మదించిందనుకుంటారు.

"ఆకులు చాల్లే అమ్మాయ్, వేపచెట్టంతా దూసేత్తావా ఏంటి," అంది రామలక్ష్మి, ముద్దని గిన్నెలోకి తీస్తూ. రత్తమ్మ కొంగు బిగించుకుని వచ్చేసింది. వెళ్ళి పిల్లని ఎత్తుకురమ్మన్నారు.

హేమశ్రీ లేచింది. ఈ ఒక్కవారం ఆగుదామండి అందామనుకుంది. ఆగితే ఏం చేద్దాం అని అడుగుతారు. బీరువా మీద దుమ్ములో ఉంది సమాధానం, దాన్ని తీయాలన్నా భయమే.

గుమ్మం దాకా వెళ్ళేసరికి హారతి తనంతట తానే బయటికి వస్తోంది.

అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. తల్లి పక్కనుంచి, తాకకుండా, దాటి పెరట్లోకి నడిచింది. పీట పక్కన నిలబడి రెండు చేతులూ ముందుకి చాచింది, మణికట్లు పైకి తిప్పి. ఎవరినీ చూడలేదు. గోడమీద ఏదో ఉన్నట్టు అటే చూస్తోంది.

"చూశావా," అంది రామలక్ష్మి. ఆవిడ గొంతులో గెలుపేమీ లేదు, నిజమైన సంతోషమే ఉంది, కళ్ళు కూడా చెమర్చాయి. "ఎంత బుద్ధొచ్చిందో నా తల్లికి. అలవాటైతే అన్నీ అవే సర్దుకుంటాయమ్మా. నేనూ మొదట్లో కుండ దగ్గర ఏడ్చినదాన్నే."

పసరు రాస్తున్నప్పుడు హారతి కదల్లేదు. మోచేతి మడతలో ఆకుముద్ద పడగానే కడుపు ఒక్కసారి లోపలికి పోయింది, అంతే. పెదవులు తెల్లబడ్డాయి. ఎండలో నిలబెడితే నిలబడింది. ముద్ద ఆరి పగుళ్ళిస్తోంది. ఈగ ఒకటి మెడమీద వాలి నడిచింది. మామూలుగా ఈగ వాలితే ఇల్లు పీకి పందిరేసే పిల్ల. విదిలించుకోలేదు. పోయినవారం అరుపు భయపెట్టింది అనుకుంది హేమశ్రీ, అది భయం కాదు. ఆ అరుపు మళ్ళీ వినబడితే చాలని ఇప్పుడు అనిపిస్తోంది.

పీట మీద కూర్చోబెట్టారు. పట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది. రత్తమ్మ చేతులు కట్టుకుని నిలబడి, మనకి పని తప్పింది ఈ వేళ అని నవ్వింది. హేమశ్రీ చేతులు కూడా ఖాళీగా ఉన్నాయి, ఏం చేసుకోవాలో తెలియనట్టు వేలాడుతున్నాయి. రామలక్ష్మి గుండిగలోంచి వేడినీళ్ళు బకెట్లో పోసి, చన్నీళ్ళు కలిపి, వేళ్ళు ముంచి చూసుకుంది. గోరువెచ్చగా ఉన్నాయి అంది. రత్తమ్మ కూడా మణికట్టు దాకా ముంచి, చల్లారిపోతున్నాయి, కానియ్యండి వదినా అంది.

నీళ్ళ మీద వేపాకు ఒకటి తేలుతోంది. తడి ఆకు వీపుకి అంటుకుంటే హారతికి పడదు. ఖాళీ చెయ్యి కదా, హేమశ్రీ వంగి ఆకు తీయబోయింది.

చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి వచ్చేసింది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఊపుకుంటూ నిలబడింది.

"అత్తయ్యగారూ, నీళ్ళు కాలుతున్నాయండి."

రామలక్ష్మి మళ్ళీ చెయ్యి పెట్టింది. ఈసారి వేళ్ళతో కాదు, ఏళ్ళ తరబడి కుండ వేడికి కాయలు కాసిన అరచెయ్యంతా ముంచి, నీళ్ళు కలియతిప్పింది. తొందరేమీ లేకుండా, బియ్యం కడుగుతున్నట్టు తిప్పింది. కోడలి మొహంలోకి చూస్తూ తిప్పింది. ఆవిడ మొహంలో అబద్ధం లేదు.

"ఏం లేదమ్మా. గోరువెచ్చగానే ఉన్నాయి. ఏవే రత్తమ్మా?"

"ఇంకా వెచ్చబెట్టొచ్చండి," అంది రత్తమ్మ. "కోడలికి కూడా పిల్లకొచ్చిందే వచ్చినట్టుంది. అన్నీ ఎక్కువే."

ఇద్దరూ నవ్వారు. ఎగతాళి కూడా కాదది, ఇంట్లోవాళ్ళ నవ్వు. హేమశ్రీ తన చెయ్యి వంక చూసుకుంది. ఒక్క క్షణం నిజంగానే అనుమానం వచ్చింది. ఇద్దరి చేతులు బాగున్నాయన్న నీళ్ళు తన ఒక్క చేతికి కాలాయంటే తప్పు ఎక్కడుంది? ఎరుపు తగ్గుతోంది కూడా. భయపడి ఉన్న మనిషికి చన్నీళ్ళు కూడా కాలినట్టు అనిపిస్తాయేమో. ఇంతమంది చూస్తుండగా ఇంతమాత్రానికి గొడవ దేనికి? మళ్ళీ ముంచి చూసుకుందామా అనుకుంది, ముంచడానికి ధైర్యం చాల్లేదు. ఆ ధైర్యం చాలకపోవడం దగ్గర ఆలోచన ఆగిపోయింది. తను ఒక వేలు ముంచలేని నీళ్ళు. పుండ్లు పడిన వీపు మీద. పోయిన ఆదివారం చెంబు తర్వాత చెంబు, బకెట్ ఖాళీ అయ్యేదాకా. పట్టుకున్నది తను. తన చేతులు రెండూ అప్పుడు పనిలో ఉన్నాయి, అందుకని నీళ్ళు ఎలా ఉన్నాయో తనకి తెలియలేదు. పిల్లకి తెలిసింది. చెప్పింది కూడా, తనకి వచ్చిన భాషలో, ఊరంతా వినబడేలా.

రోజూ కుళాయి కింద తను నీళ్ళు పోస్తే ఈ పిల్ల ఏనాడూ ఏడవలేదు. ఆ సంగతి ఇంతవరకూ ఎందుకు గుర్తు రాలేదు?

రామలక్ష్మి చెంబు ముంచింది. పీట మీద హారతి ఊపిరి బిగబట్టింది, పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపించాయి. అయినా కదల్లేదు. చెంబు పిల్ల భుజం మీదికి లేచింది. రత్తమ్మ ఇంకేదో నవ్వుతాల మాట అంటోంది. హేమశ్రీ అత్తగారి మొహంలోకి చూడలేదు. చెయ్యి మాత్రం చాచింది. ఆవిడ చేతిలోంచి చెంబు తీసుకుని, ఆ నీళ్ళు నేల మీద పోసేసింది.