కిడ్నీ మా వదినది, తెడ్డు మా ఆయనది

మా ఆయన కడుపులో ఉన్న కిడ్నీ మా వదినది, అంటే ఆయన అక్కది. ఈ సంగతి మేం మరిచిపోదామన్నా ఆవిడ మరిచిపోనివ్వదు. ఆయన గట్టిగా దగ్గితే నా కిడ్నీ జాగ్రత్త అంటుంది. మెట్లు గబగబా దిగితే నాది కదిలిపోతుందిరా అంటుంది. అద్దెకిచ్చిన ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి వచ్చే యజమానురాలిలా వారం వారం వచ్చి, తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి వెళ్తుంది.

వదినకి బేకరీ ఉంది. వీధి వీధంతా ఆవిడ చేతి తీపి తింటుంది, ఒక్క తమ్ముడు తప్ప. కిడ్నీని ఒంట్లో నిలబెట్టే మందులే ఆయనకి షుగర్ తెచ్చిపెట్టాయి. మందు మానేస్తే కిడ్నీ దక్కదు, మింగితే షుగర్ దిగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దాంతో వదిన మా ఇంట్లోంచి చక్కెర డబ్బాని వెళ్ళగొట్టింది. తమ్ముడి కోసం చక్కెర లేని బిస్కెట్లు, చక్కెర లేని బిళ్ళలు తయారుచేసింది. ఆ బిళ్ళ నోట్లో వేసుకుంటే నాలుక చల్లబడుతుంది. తినాలన్న ఉత్సాహం కూడా దాంతోపాటే చల్లబడుతుంది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. బతుకంతా పైకీ కిందికీ తిరిగిన మనిషి. అలాంటాయన ఒకరోజు భోజనం దగ్గర కూర్చుని, సముద్రం మీద కయాక్ నడుపుతానన్నారు. కయాక్ అంటే ఇద్దరు ఒకరి వెనక ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి పడవ. రేవు నుంచి లైట్‌హౌస్ దాకా వెళ్ళి రావాలట. వెళ్ళి వచ్చినవాళ్ళ పేరు మీద దాతలిచ్చే విరాళాలతో ఆసుపత్రివాళ్ళు డయాలసిస్ యంత్రాలు కొంటారట.

వదిన వినగానే, అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదేనని తేల్చేసింది. కిడ్నీ తనది, పుణ్యం వాడిదీనా అని నన్నడిగింది. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. మూడేళ్ళు ఆ డయాలసిస్ కుర్చీలో కూర్చున్న మనిషి ఆయన. అప్పట్లో రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క. గొంతెండితే ఐసుముక్క చప్పరించి ఊరుకునేవారు. నీళ్ళకి మొహం వాచిపోయి, టీవీలో వాన పడుతున్నా కన్నార్పకుండా చూసేవారు. పక్క కుర్చీలో ఒక సంగీతం మాస్టారు కూర్చునేవాడు, యంత్రం చెడిన వారం ఇద్దరూ వంతులు వేసుకునేవాళ్ళు. ఒకరోజు మాస్టారి కుర్చీ ఖాళీ అయింది. మా ఆయన ఆ మాట ఎవరితోనూ అనరు, అందుకే నేను అడ్డు చెప్పలేకపోయాను.

డాక్టరు ఒప్పుకున్నాడు, బోలెడన్ని షరతులతో. చేతికి బొత్తామంత సెన్సర్ అంటించుకోవాలి, అది షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోనుకి చెబుతుంది. శ్రమకి షుగర్ ఒక్కసారిగా పడిపోతే వేసుకోవడానికి జేబులో తీపి బిళ్ళలుండాలి. కిడ్నీ పెట్టింది పొట్ట ముందువైపు కాబట్టి అక్కడ దెబ్బ తగలకుండా మెత్తటి పట్టీ కట్టుకోవాలి. అన్నిటికన్నా పెద్ద షరతు, ముందు సీట్లో ఆయన ఒంటి తీరు తెలిసిన మనిషి కూర్చోవాలి. అలా, బకెట్లో చెయ్యి పెట్టాలన్నా ఆలోచించే నేను సముద్రం పాలయ్యాను. కుట్టుమిషను నా వృత్తి కనుక పట్టీ నేనే కుట్టాను. ఆయన లైఫ్ జాకెట్‌కి జేబు కుట్టి, ఎర్ర కాగితాలు చుట్టిన తీపి బిళ్ళలు వేశాను. అదే చేత్తో నా జాకెట్ లోపలివైపు ఎవరికీ కనబడని ఇంకో జేబు కుట్టుకున్నాను. చక్కెర లేని ఇంట్లో తీపి పిచ్చి ఉన్న ఆడదాని బాధ మరొకరికి అర్థం కాదు. వదిన బేకరీలో దొరికే జెల్లీ బిళ్ళలు ఎప్పుడూ నాలుగైదు నా దగ్గర దాగి ఉంటాయి.

శిక్షణ ఈతకొలనులో మొదలైంది. మా కోచ్ ఒకప్పుడు బళ్ళో ఆటల టీచరు. ఈల లేకుండా ఆవిడ మాట్లాడగా నేను చూడలేదు. ముందున్నవాళ్ళు తెడ్డు వేసే లయకే వెనకవాళ్ళు వెయ్యాలని ఆవిడ చెప్పింది. ఇది మా ఆయనకి మింగుడుపడలేదు. ఆయన ప్రతి మాటా "కాదు"తోనే మొదలవుతుంది. కుడివైపు అంటే కాదు ఎడమ అంటారు. ఎండగా ఉందంటే కాదు, ఉక్క అంటారు. పెళ్ళైన కొత్తలో ఈ "కాదు"కి నేను ఏడ్చేదాన్ని. ఇప్పుడు అది వినబడకపోతే నాకు భయం. షుగర్ పడిపోయినప్పుడు మాత్రమే ఆయన ఒప్పుకుంటారు. ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని నేనంటే, "నిజమే, కానీ చాలా బాగుంది" అన్నారు. నేను పరుగున వెళ్ళి తేనె సీసా తెచ్చాను. సెన్సర్ మోగింది ఆ తరవాత.

చివరి ప్రాక్టీసు నిజం సముద్రంలో. అది సరిగ్గా పూర్తిచేస్తేనే పేరు రాస్తానని కోచ్ చెప్పింది. పొద్దున్నే రేవు దాటాం. కోచ్ మోటారు పడవలో కాస్త ఎడంగా వస్తోంది. అలలు చిన్నవే గానీ నా గుండెకి పెద్దవిగా కనిపించాయి. వెనకనుంచి ఆయన తెడ్డు అలా కాదు, భుజం అలా కాదు అంటూనే ఉన్నారు. ఆ గొణుగుడు వింటుంటే ధైర్యంగా ఉంది.

తిరుగుదారిలో ఆయన మెడలో వేలాడే ఫోను మోగింది. ఎంతని అడిగాను. డెబ్బై అన్నారు. బిళ్ళలు వేసుకోమన్నాను. వేసుకున్నారు. తెడ్లు ఆపి కాసేపు తేలాం. మళ్ళీ మోగింది. అరవై. ఇంకా వేసుకోమన్నాను. నాలుగోది కూడా అయిందన్నారు. కయాక్‌లో వెనక్కి తిరిగి చూడలేం, తిరిగితే ఇద్దరం నీళ్ళలోనే. ఆయన గొంతు ఒక్కటే నాకు ఆధారం. కావాలనే ఒక తప్పుమాట అన్నాను, రేవు ఎడమవైపు కదా అని.

"నిజమే," అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా. "నువ్వెలా అంటే అలా."

రేవు ఎదురుగా కనబడుతోంది. నాలుగు బిళ్ళలు వేసుకున్నా అంకె ఎక్కలేదు. బిళ్ళలు ఎలా ఉన్నాయని అడిగాను.

"నోరంతా చల్లగా ఉంది," అన్నారు.

అప్పుడు అర్థమైంది. అవి వదిన బిళ్ళలు. నేను లోపలి జేబు చింపినంత పని చేసి జెల్లీ బిళ్ళల పొట్లం బయటికి తీశాను. తెడ్డు చివర పెట్టి, రొట్టెల పెనం మీదికి గరిట చాపినట్టు భుజం మీదుగా వెనక్కి చాపాను. తీసుకోండి, నమలండి, మింగండి అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి, జాకెట్‌కి వేలాడే ఈల ఊదాను. కోచ్ పడవ వచ్చి పక్కన ఆగింది. ఆవిడ మా కయాక్ పట్టుకుని ఆయన చేత పళ్ళరసం కూడా తాగించింది. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. ఆవిడ పడవకి తాడు కడుతుంటే వెనకనుంచి మాట వినబడింది.

"కాదండీ, ముడి అలా కాదు."

నేను తెడ్డు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

సెన్సర్ అంకెలు వదిన ఫోనుకి కూడా వెళ్తాయి. అంకె దిగడం చూసి ఆవిడ బేకరీ అలాగే వదిలేసి, పిండి చేతులతో రేవుకి వచ్చేసింది. మేం ఒడ్డెక్కేసరికి చెప్పులతోనే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. మేం దిగీ దిగగానే తమ్ముడి మీద విరుచుకుపడింది. జాకెట్ బాల్కనీలో ఆరేసి ఉన్నప్పుడు తను జేబు చూసిందట. దొంగచాటుగా మిఠాయి తింటున్నాడనుకుందట. ఎర్ర కాగితాలన్నీ విప్పి, లోపల తన బిళ్ళలు పెట్టి, మళ్ళీ మెలిపెట్టిందట. బేకరీ చెయ్యి కదా, మెలిక ఒక్కటి కూడా తేడా లేదు. అంత తెలివిగా కాపాడుకొస్తుంటే వీడేమో సముద్రానికి వచ్చి అంకెలు కిందికి దించుకున్నాడని కేకలు.

ఆ బిళ్ళలు తినడానికి కాదు, ఇలాంటప్పుడు బతకడానికని నేను చెప్పాను. వదిన కేకలు ఆగిపోయాయి. ఆవిడ నోరు మధ్యలో ఆగడం నేను చూసింది అప్పుడే. తన చేతులకంటిన పిండి వైపు చూసుకుంది. నాకు కోపం రావాలి. రాలేదు, జాలేసింది. ఇక వద్దురా, ఇంటికి పోదాం అంది చివరికి, చాలా మెల్లగా.

"అక్కా," అన్నారు మా ఆయన. "నువ్విచ్చింది దాచుకోవడానికైతే నేను కుర్చీలోనే కూర్చునేవాణ్ణి. మాస్టారికి ఇచ్చేవాళ్ళు లేరు. నాకు నువ్వున్నావు. అందుకే వెళ్తాను."

వదిన పమిట కొంగుతో మొహం తుడుచుకుంది. మొహమంతా పిండి అయింది. ఇచ్చాను గానీ ఇంకా చెయ్యి వదల్లేదురా, అంది.

కోచ్ ఈల ఊదకుండా చేత్తో పట్టుకునే మాట్లాడింది. జేబులో ఏం పెట్టాలో మీ ఇంటివాళ్ళు తేల్చుకుని రండి, అప్పుడు పేరు రాస్తానంది.

అసలు రోజు రేవు నిండా పడవలు. నేను ఎక్కబోతుంటే వదిన వచ్చింది. చేతిలో ఎర్ర కాగితాల పొట్లం. ఈసారి తన చేత్తో నిఖార్సైన చక్కెర పాకం పట్టి చేసిందట. తమ్ముడి కోసం ఆవిడ తీపి చెయ్యడం ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటిసారి. నమ్మకం లేకపోతే చూసుకోమని ఒకటి నా నోట్లో పెట్టి, మిగతావి తనే జేబులో వేసి బొత్తాం పెట్టింది. తరవాత నా జాకెట్ లోపలికి చెయ్యి పెట్టి ఇంకో రెండు దోపింది. ఆ జేబు సంగతి ఆవిడకి ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. ఫోను ఈసారి నా మెడలోకి మారింది.

లైట్‌హౌస్ చుట్టి వెనక్కి తిరిగేసరికి నా భుజాలు పీకుతున్నాయి. ఆయన వెనకనుంచి కాదు, కాదు అంటూనే ఉన్నారు. విసుగొచ్చి, మీ సతాయింపు భరిస్తూ ఇంత దూరం నీళ్ళలోకి వచ్చేది నేను కాబట్టి సరిపోయిందన్నాను.

"నిజమే," అన్నారు. "నువ్వు కాకపోతే ఎవరూ వచ్చేవాళ్ళు కాదు."

నా తెడ్డు గాల్లోనే ఆగిపోయింది. తడి వేళ్ళతో ఫోను పైకెత్తి చూశాను. నూట ముప్ఫై. దిగుతున్న గుర్తు లేదు, గీత తిన్నగా ఉంది. మళ్ళీ చూశాను. అంతే ఉంది.

"ఏం, షుగర్ పడిపోతేనే ఒప్పుకోవాలా?" అన్నారు వెనకనుంచి.

వెనక్కి తిరిగే వీలు లేకపోవడం ఆ క్షణాన మేలే అయింది. లోపలి జేబులోంచి వదిన బిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకుని తెడ్డు వేశాను. కుడివైపు వేశాను. కాదు, ఎడమ అన్నారు.